కంటికి రెప్ప

ఒకరిని ఎంతో జాగ్రత్తగా కాపాడడాన్ని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారు 'కంటికి రెప్ప వలె' అంటారు. ఈ పోలికకు గట్టి ఆధారం ఉంది. ధూళి ఎగిరి వచ్చినా, పురుగు మీదికి దూకినా, మనస్సు ఆలోచించేలోపే రెప్ప వాలుతుంది. మెలకువగా ఉన్నంతసేపు అది మాటిమాటికీ మూసుకొని తెరుచుకొంటూ కన్నీటిని కంటి మీద పలుచగా పరుస్తూ ఉంటుంది. కన్నును ఇంతగా కాచే రెప్పకే బాధ కలిగితే దానిని కాచేది ఎవరు? ఈ ప్రశ్నకు ఇంటి వైద్యం ఒక సమాధానం చెబుతుంది. ఆసుపత్రి వైద్యం మరొక సమాధానం చెబుతుంది. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలుసుకోవడం ప్రతి ఇంటికీ అవసరం.

పూతలపట్టు చిత్తూరు జిల్లాలోని ఒక మండల కేంద్రం. చిత్తూరు నుంచి వచ్చే రహదారి ఇక్కడ చీలి ఒక పాయ పీలేరు వైపు, మరొక పాయ తిరుపతి వైపు సాగుతుంది. చుట్టుప్రక్కల మామిడి తోటలు, చెరకు మళ్ళు, వేరుశెనగ చేలు. ఆ ఊరి పేరుకు మూలం ఏదైనా కావచ్చుగాని, అందులో వినిపించే 'పూత', 'పట్టు' అనే రెండు మాటలూ తెలుగువారి ఇంటి వైద్యంలో నిత్యం వాడుకలో ఉన్నవే. వాపు మీద పలుచగా పూసేది పూత. నూరిన మందును మందంగా వేసి ఆరనిచ్చేది పట్టు.

మార్చి నెల. మామిడి చెట్లు పూత రాల్చి పిందె పట్టే కాలం. ఇంటర్మీడియట్ పరీక్షలకు ఇంకా ఎనిమిది రోజుల గడువు ఉన్నది. పూతలపట్టులోని ఒక ఇంటిలో రెండవ సంవత్సరం చదువుతున్న విద్యార్థిని ఒకనాటి ఉదయం లేచేసరికి ఎడమ కంటి పై రెప్ప బరువుగా తోచింది. అద్దంలో చూసుకొంటే రెప్ప అంచున, వెంట్రుకల మొదట్లో, కందిగింజంత ఎర్రని కురుపు. తాకితే సలుపు. పుస్తకం తెరిస్తే కంటి వెంట నీరు. నాలుగైదు రోజులుగా రాత్రి రెండు గంటల దాకా చదువుతూ, నిద్ర ఆపుకోవడానికి కండ్లు నులుముకొంటూ వచ్చింది. కాటుక కడుక్కోకుండానే పడుకొన్న రాత్రులు కూడా ఉన్నాయి. పరీక్షల ముందు ఇదేమి ఉపద్రవమని ఆమె కంట నిజంగానే నీరు పెట్టుకొంది.

పల్లెలో ఒకరికి కంటి కురుపు లేచిందంటే పది మందుల పేర్లు వినవచ్చు. వెల్లుల్లి పాయను కోసి రుద్దమన్నవారు ఒకరు. నామాలు దిద్దుకొనే తెల్లమట్టిని అరగదీసి పట్టు వేయమన్నవారు ఇంకొకరు. అరచేతిలో చూపుడు వేలిని వేడి పుట్టేదాకా రాసి కురుపు మీద అద్దమన్నారు మరొకరు. 'వేడి చేసింది, మజ్జిగ ఎక్కువగా తాగించండి' అన్నది ఎదురింటి పెద్దమ్మ. మధ్యాహ్నానికి ఇంటి వెనుక వీధి నుంచి ఒక దూరపు బంధువు రెడ్డివారి నానుబాలు మొక్కలు నాలుగు పెరికి తెచ్చింది. తుంచితే తెల్లని పాలు కారే చిన్న మొక్క అది.

"ఈ పాలు రెండు చుక్కలు కంట్లో పడితే చాలత్తా, పొద్దున్నకంతా కురుపు అణిగిపోతాది" అని ఆమె మొక్కను తుంచబోయింది.

అంతవరకు మూలన కూర్చుని చూస్తున్న అవ్వ లేచి వచ్చి మనుమరాలి ముఖానికి తన చేయి అడ్డం పెట్టింది. ఆమెకు డెబ్బయి ఏళ్ళు దాటాయి. ఆ ఇంటిలో జ్వరానికి కషాయం కాచేది, బెణుకుకు పట్టు వేసేది, పసిబిడ్డలకు వాము నీరు పట్టేది ఆమె. అటువంటి మనిషి ఇంటి వైద్యానికే అడ్డుపడడం అందరికీ ఆశ్చర్యం కలిగించింది.

"రెప్ప పైన ఏం చేసినా నేను చేస్తా. కంటి లోపలికి మాత్రం చుక్క నీళ్ళు గూడా పోనియ్యను" అన్నది అవ్వ.

తెచ్చిన మొక్కలు తెచ్చినట్టే ఉండిపోయాయి. బంధువు కొంచెం నొచ్చుకొని వెళ్ళిపోయింది. అవ్వ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఉతికి ఎండలో ఆరవేసిన పాత పంచె గుడ్డను చించి మడత పెట్టింది. చేతులు సబ్బుతో కడుక్కొని, ఆ గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, మొదట తన ముంజేతి మీద పెట్టి వేడి చూసుకొంది. తరువాత కన్ను మూసుకోమని చెప్పి మనుమరాలి రెప్ప మీద మెల్లగా అదిమింది. గుడ్డ చల్లబడినప్పుడల్లా తిరిగి ముంచి పిండి పెడుతూ వచ్చింది.

అప్పుడు మనుమరాలు అడిగింది. "అవ్వా, అన్నిటికీ ఆకు పసరు పూస్తావు గదా, దీనికెందుకు వద్దంటివి?"

అవ్వ కొంతసేపు మాట్లాడలేదు. ఆమె కుడి కంటి నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ ఉన్నది. తెలుగు పల్లెల్లో దానిని 'కంటిలో పువ్వు' అంటారు. ఇంటిలో అందరూ చిన్ననాటి నుంచి చూస్తున్నదే కాబట్టి అది ఎలా వచ్చిందని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"నాకప్పుడు తొమ్మిదేండ్లు" అన్నది అవ్వ. "మా నాయన చెరకు కొడతా ఉంటే సోగ మోస్తా ఉండాను. చెరకాకు సర్రున కంట్లో గీసింది. నీళ్ళు కారినాయి, ఎర్రబడింది. అంతే. మా మేనత్త ఆకు పసరు పిండి పోసింది. ఆమెకు నేనంటే ప్రాణం. మూడు దినాలు పోసింది. మంట ఎక్కువయ్యే కొద్దీ మందు పని చేస్తా ఉందనుకొనిరి. నాలుగో దినానికి కంట్లో చీము. చిత్తూరు ఆసుపత్రికి ఎద్దుల బండి కట్టుకొని పోయేలోపల పువ్వేసేసింది. మేనత్త చచ్చిపోయేదాకా నా ముఖం పక్క నేరుగా చూడలేకపోయింది పాపా."

ఇంటిలో మాట లేదు. మనుమరాలు కన్ను మూసుకొనే ఉన్నది. అవ్వ గుడ్డను మరొకసారి వేడినీటిలో ముంచింది.

మరునాడు తండ్రి ఆమెను వైద్యురాలి వద్దకు తీసుకొని వెళ్ళాడు. అవ్వ కూడా వెంట వెళ్ళింది. వైద్యురాలు రెప్పను మెల్లగా తిప్పి చూచి, ఇది సాధారణమైన కంటి కురుపేనని చెప్పింది. ఇంటి వద్ద ఏమి చేశారని అడిగి తెలుసుకొని, అవ్వ వైపు చూసి, "మీరు చేసిందే సరైన వైద్యం అవ్వా. నేను చెప్పవలసిందీ అదే" అన్నది. ఆపైన అది ఎందుకు సరైనదో విద్యార్థినికి అర్థమయ్యేలా వివరించింది.

కనురెప్ప అంటే చర్మపు ముడుత మాత్రమే కాదు. దాని అంచున సన్నని నూనె గ్రంథులు వరుసగా ఉంటాయి. పై రెప్పలో 25 నుంచి 40 వరకు, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు ఉంటాయి. 1666లో జర్మనీ వైద్యుడు హెన్రిక్ మైబోమ్ వీటిని వివరించాడు కాబట్టి వీటికి మైబోమియన్ గ్రంథులనే పేరు స్థిరపడింది. ఇవి స్రవించే నూనె కన్నీటి పొర మీద మూత వలె నిలిచి అది ఆవిరి కాకుండా కాపాడుతుంది. వెంట్రుకల మొదళ్ళలో ఇంకా చిన్నవైన నూనె, చెమట గ్రంథులు ఉంటాయి. చర్మం మీద సహజంగా నివసించే స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి ఈ గ్రంథులలో ప్రవేశించి చీము పుట్టిస్తే ఎర్రగా, నొప్పితో కురుపు లేస్తుంది. గ్రంథి ద్వారం మూసుకొనిపోయి లోపలి నూనె గడ్డకట్టి నిలిచిపోతే నొప్పి అంతగా లేని గట్టి కాయ ఏర్పడుతుంది. దీనిని చలేజియన్ అంటారు. మొదటిది కొద్ది రోజులలో మెత్తబడి చితికి తగ్గుతుంది. రెండవది వారాల తరబడి నిలుస్తుంది.

నెయ్యి చలికి గడ్డకట్టి వేడికి కరిగినట్టే రెప్పలోని నూనె కూడా వేడికి కరుగుతుంది. గోరువెచ్చని కాపడం దానిని పలుచన చేసి, మూసుకొన్న ద్వారం తెరుచుకొనేలా చేస్తుంది. రక్తప్రసరణ పెరిగి శరీరం తన రోగాన్ని తాను నయం చేసుకోవడానికి తోడ్పడుతుంది. పూటకు పది నిమిషాల చొప్పున, రోజుకు మూడు నాలుగు సార్లు కాపడం పెట్టాలి. తరువాత శుభ్రమైన వేలితో పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందినుంచి పైకి, అంచు దిశగా మెల్లగా నిమరాలి. కురుపును గిల్లరాదు, పిండరాదు. పిండితే చీము లోపలి కణజాలంలోనికి వ్యాపించే ప్రమాదం ఉంది. తగ్గేదాకా కాటుక మానాలి. ముఖం తుడుచుకొనే తువ్వాలు వేరుగా ఉంచుకోవాలి. వైద్యురాలు చెప్పిన ఈ మాటలను విద్యార్థిని నోటుపుస్తకం చివరి పేజీలో వ్రాసుకొంది.

ఈ తెలివి కొత్తది కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం కంటి రోగాలను 76గా లెక్కించి, వాటిలో 21 రోగాలు రెప్పకు సంబంధించినవని విభజించింది. రాగి రంగుతో, మంటతో, పోటుతో రెప్ప మీద లేచే చిన్న పొక్కుకు 'అంజననామిక' అని, గట్టిగా, నొప్పి లేకుండా, రేగుపండు పరిమాణంలో ఉండే గడ్డకు 'లగణం' అని పేర్లు పెట్టింది. ఆధునిక వైద్యం చేసే విభజనకు ఇది చాలా దగ్గరగా ఉన్నది. అంజననామికకు ఆ గ్రంథం చెప్పిన మొదటి చికిత్స స్వేదనం, అనగా కాపడమే. పేరులు మారినా, కారణాలను గురించిన వివరణ మారినా, వెచ్చని గుడ్డ మాత్రం చేతులు మారుతూ ఇంతవరకు వచ్చింది.

అయితే ఇక్కడ ఒక సత్యాన్ని దాచకూడదు. కాపడం మేలు చేస్తుందని వైద్యులందరూ అనుభవంతో చెబుతారు. రెప్ప లోపలి భాగాన లేచే కురుపుకు శస్త్రచికిత్స కాని చికిత్సల మీద జరిగిన ప్రయోగాల కోసం కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థకు చెందిన పరిశీలకులు వెదికారు. 2010లో వెలువడి 2017లో తిరిగి పరిశీలించిన ఆ సమీక్షలో, నిర్ణయించుకొన్న ప్రమాణాలకు సరిపోయే ప్రయోగం ఒక్కటి కూడా దొరకలేదు. చాలా కురుపులు వాటంతట అవే తగ్గిపోవడం దీనికి ఒక కారణం. ఇంటి వైద్యాలకు పేరు రావడంలోని రహస్యం కూడా ఇదే. వెల్లుల్లి రుద్దినవారికీ, తెల్లమట్టి పూసినవారికీ, ఏమీ చేయనివారికీ వారం రోజుల్లో కురుపు తగ్గుతుంది. తగ్గిన గౌరవం మాత్రం చివరిగా వాడిన మందుకు దక్కుతుంది. కాబట్టి ఇంటి వైద్యాన్ని 'ఇది తగ్గిస్తుందా' అని అడగడం చాలదు. 'తగ్గించకపోతే ఇది ఏమి చెరుపు చేస్తుంది' అని కూడా అడగాలి.

ఈ రెండవ ప్రశ్నతో చూస్తే మందుల వరుస స్పష్టంగా విడిపోతుంది. గోరువెచ్చని కాపడం వల్ల, వేడి మితంగా ఉన్నంతవరకు, చెరుపు లేదు. మజ్జిగ తాగితే కురుపు తగ్గుతుందని చెప్పలేము గాని ఎండకాలంలో ఒంటికి మంచిదే. అలసిన కండ్లు మూసుకొని రెప్పల మీద నందివర్ధనం పూలు పెట్టుకొనే అలవాటు తెలుగు ఇండ్లలో చిరకాలంగా ఉన్నది. కడిగిన పూలు మూసిన రెప్ప మీద చల్లదనాన్ని, కొంత విశ్రాంతిని ఇస్తాయి. పొన్నగంటి కూర కంటికి మేలు అన్న మాట కూడా అటువంటిదే. అది కురుపుకు మందు కాకపోయినా, భోజనంలో ఆకుకూర ఉండడం ఎప్పుడూ మంచిదే. వెల్లుల్లి ఘాటు రెప్ప మీది పలుచని చర్మాన్ని కాల్చి పుండు చేయగలదు. ఆరిన మట్టి పట్టు నుంచి రేణువులు కంటిలో పడతాయి.

కంటి లోపల వేసే పసరు, చనుబాలు, తేనె, మొక్కల పాలు వేరొక తరగతికి చెందినవి. కంటి ముందు భాగంలో అద్దం వలె ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దాని మందం అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ మాత్రమే. దానిలో రక్తనాళాలు ఉండవు. దాని మీద గీత పడి, ఆ గీతలో సూక్ష్మజీవి చేరితే పుండు పుడుతుంది. పుండు మానినా అక్కడ తెల్లని మచ్చ మిగులుతుంది. అదే పువ్వు. ఆకుల మీద ధూళి, శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు ఉంటాయి; పసరుతో పాటు అవి కంటిలోనికి చేరుతాయి. నానుబాలు జాతి మొక్కల పాలు కార్నియాను తీవ్రంగా బాధిస్తాయి. జిల్లేడు పాలు ఇంకా మోసకరమైనవి. అవి పడిన కన్ను ఎక్కువ నొప్పి లేకుండానే మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని మనిషి ఆలస్యం చేస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 2001లో వెలువడిన ఒక సమీక్ష, వర్ధమాన దేశాలలో కార్నియా పుండ్లను నిశ్శబ్దంగా వ్యాపిస్తున్న ఉపద్రవంగా వర్ణించి, కంటిలో వేసే నాటు మందులను దానికి ఒక ముఖ్య కారణంగా పేర్కొన్నది. అందులోని లెక్కల వెనుక చెరకు తోటల్లో, వరి కోతల్లో కంటికి గీత పడిన ఎందరో పేదలు ఉన్నారు. వారి కంటిలో పసరు పిండినవారిలో ఎక్కువమంది వారిని ప్రేమించినవారే.

కంటి ఎరుపు అంతా ఒకటి కాదన్న సంగతి కూడా తెలిసి ఉండాలి. 2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాలలో కండ్ల కలక విస్తారంగా వ్యాపించింది. అది అధికంగా వైరస్ వల్ల, చేతుల ద్వారా, తువ్వాళ్ళ ద్వారా ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది. రెప్ప కురుపు అలా గాలివాటున ఊరంతా ప్రాకేది కాదు. రెప్పల అంచున పొట్టు రాలుతూ, దురదతో, మంటతో ఉండేది మరొక వ్యాధి. దానికి ప్రతిదినం రెప్పల అంచును శుభ్రం చేసుకోవడమే ముఖ్యమైన చికిత్స. కంటిలో నలుసు గుచ్చుకొన్నా, ఆకు గీసినా, సున్నం వంటివి పడినా అది రెప్ప జబ్బు కానే కాదు. సున్నం పడితే వెంటనే శుభ్రమైన నీటితో చాలాసేపు కడిగి, ఏ గాయమైనా ఆ రోజే వైద్యుని చేరాలి.

కురుపుకు కాపడం పెడుతున్నప్పుడు కూడా కొన్ని గుర్తులను కనిపెట్టి ఉండాలి. రెప్ప మొత్తం వాచి కన్ను తెరవలేకపోవడం, జ్వరం రావడం, చూపు మసకబారడం, కంటిగుడ్డు కదిపితే నొప్పి పుట్టడం, వాపు చెంప మీదికి దిగడం, వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం అక్కడితో ఆపాలి. రెండు వారాలు గడిచినా తగ్గకపోతే వైద్యునికి చూపాలి. మాటిమాటికీ కురుపులు లేచేవారు మధుమేహ పరీక్ష చేయించుకోవడం మంచిది. పెద్ద వయసులో ఒకేచోట గడ్డ తిరిగి తిరిగి వస్తూ, వెంట్రుకలు రాలిపోతుంటే దానిని ఉపేక్షించరాదు. అరుదుగానైనా అది నూనె గ్రంథి క్యాన్సర్ కావచ్చు.

పూతలపట్టుకు కొద్ది దూరంలో కాణిపాకం ఉన్నది. గుడ్డి, మూగ, చెవుడు గల ముగ్గురు అన్నదమ్ములు పొలానికి నీటి కోసం బావి త్రవ్వుతుండగా వినాయకుని విగ్రహం బయటపడి, వారి అంగవైకల్యాలు తొలగిపోయాయని అక్కడి స్థలపురాణం చెబుతుంది. చూపు పోయినవానికి తిరిగి చూపు రావడం కంటె గొప్ప వరం ఉండదని ఆ కథను చెప్పుకొన్నవారు భావించి ఉంటారు. ఆ కోరికను మరొక దారిలో నెరవేర్చడానికి పూనుకొన్నవారూ ఉన్నారు. గోవిందప్ప వెంకటస్వామి కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినా శస్త్రచికిత్స నేర్చి, 1976లో మధురైలో 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రిని ప్రారంభించాడు. 2019లో ఆ సంస్థ ఆసుపత్రి తిరుపతిలో కూడా వెలసింది. అవ్వ చిన్ననాట ఎద్దుల బండిలో గడిచిన సమయం, నేడు పూతలపట్టు చీలిక వద్ద బస్సు ఎక్కినవారికి తిరుపతి చేరడానికి సరిపోతుంది.

విద్యార్థిని కురుపు నాలుగవ రోజున మెత్తబడి, దానంతట అదే చితికి, పరీక్షల నాటికి ఎర్రని మచ్చగా మిగిలింది. కాపడం వల్ల తగ్గిందో, కాలం వల్ల తగ్గిందో ఆమె చెప్పలేదు. కన్ను మాత్రం తేటగా ఉన్నది. పరీక్షలు ముగిసిన మరునాడు ఆమె అవ్వను వెంటబెట్టుకొని తిరుపతి బస్సు ఎక్కింది. ఇంతకాలం తన కన్ను ఇంతేనని అవ్వ ఏ ఆసుపత్రికీ వెళ్ళలేదు. అక్కడి వైద్యులు పరీక్షించి, పువ్వు పడిన కుడి కన్నులో చూపు తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దన్నారు. ఎడమ కంటిలో శుక్లం ముదురుతున్నదని, చిన్న శస్త్రచికిత్సతో ఆ చూపును నిలపవచ్చునని చెప్పారు.

శస్త్రచికిత్స జరిగిన తరువాత నెల రోజులకు పైగా వైద్యులు వ్రాసి ఇచ్చిన చుక్కల మందు వేయవలసి వచ్చింది. ప్రతి పూటా మనుమరాలు చేతులు సబ్బుతో కడుక్కొని, సీసా మీది తేదీ చూసి, అవ్వ తలను తన ఒడిలో పెట్టుకొని మందు వేసేది. మొదటి రోజు సీసా దగ్గరకు రాగానే అవ్వ రెప్ప గట్టిగా మూసుకొంది. అరవై ఏళ్ళనాటి మంట ఆ రెప్పకు ఇంకా జ్ఞాపకం ఉన్నది.

"ఇది ఆకు పసరు కాదవ్వా" అన్నది మనుమరాలు.

అవ్వ మెల్లగా కన్ను తెరిచింది.